పదకొండు పెట్టెల రైలు, పది అడుగుల గది

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. నల్లకుంటలో మా పాత ఇంటి మేడ గదిలో పద్నాలుగేళ్లుగా హెచ్‌ఓ స్కేల్ మోడల్ రైల్వే లేఅవుట్ నడుపుతున్నాను. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల. మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన ఇంజన్లు మూడు. నీలం రంగు ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెలు పదకొండు, ప్లాస్టిక్ షీటుతో నేనే చేశాను. ఇప్పుడు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. అది పూర్తయ్యేదాకా నిజాంపేటలో అద్దె ఫ్లాటు. నాకు దొరికింది పదకొండు అడుగులకి పది అడుగుల గది. చుట్టాలొస్తే అది వాళ్లది. డిసెంబర్‌లో మా అమ్మాయి పురుటికి వస్తోంది. ఆ పెద్ద బల్ల తెచ్చిపెట్టొద్దని మా ఆవిడ అంటోంది. ఆవిడది తప్పనలేను. "ఎన్ స్కేల్‌కి మారిపో, సగం చోటు చాలు" అని ఒక మిత్రుడు అన్నాడు. నాకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అంత చిన్నవాటితో పని చేయగలనా? ఉన్నవన్నీ అమ్మేయాలా? కాచిగూడ స్టేషన్ ముఖభాగం చేయాలని ఎప్పటినుంచో కోరిక. అది ఇక లేనట్టేనా?
— ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు:

ముందు మీ మిత్రుడి లెక్క సరిచేద్దామండీ. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు, ఎన్ అంటే 160వ వంతు. పొడవులో చూస్తే హెచ్‌ఓలో వంద సెంటీమీటర్లు ఉన్నది ఎన్‌లో 54 అవుతుంది. అంతవరకు ఆయన అన్న సగం సరిపోయింది. కానీ బల్లకి పొడవూ ఉంది, వెడల్పూ ఉంది. రెండూ తగ్గేసరికి అదే ప్లాన్‌కి కావలసిన చోటు మూడో వంతు కూడా ఉండదు, 30 శాతం దగ్గర ఆగుతుంది. మీ ఎనిమిది బై నాలుగు బల్ల మీద ఉన్నదంతా ఎన్‌లో నాలుగున్నర అడుగులకి రెండుంపావు అడుగుల బల్ల మీద పడుతుంది.

అలా చేయొద్దని చెప్పడానికే ఈ లెక్క చెప్పాను.

నేను హెచ్‌ఓ నుంచి ఎన్‌కి మారినప్పుడు సరిగ్గా అదే చేశాను. పాత ప్లాన్ మీద నాకు మమకారం. దాన్నే కుదించి కట్టాను. రెండు నెలలు కష్టపడ్డాక చూస్తే ఎగ్జిబిషన్‌లో అమ్మే బొమ్మ రైలులా ఉంది. రైలు చిన్నదైంది, ప్రపంచం కూడా దానితో పాటే చిన్నదైంది, ఇంకేం మిగిలింది? చిన్న స్కేల్‌కి మారేది రైలుని తగ్గించడానికి కాదు, రైలు చుట్టూ ఊరిని పెంచడానికి. ఈ సంగతి నాకు ఆ బల్ల విప్పేశాక గాని తట్టలేదు.

ఇప్పుడు మీ పదకొండు పెట్టెల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే. ఒక్క ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పదకొండూ ఒకేసారి తగిలించి ఎప్పుడైనా నడిపారా? ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు. హెచ్‌ఓలో అది 25.6 సెంటీమీటర్లు. పదకొండు పెట్టెలు, ముందు ఒక ఇంజన్, అన్నీ కలిపితే మూడు మీటర్లు దాటుతుంది. మీ బల్ల పొడవు 2.44 మీటర్లు. బల్ల కంటే రైలే పొడవు! అంచుల వెంట వేసిన లూపు మహా అయితే ఆరు మీటర్లు ఉంటుంది, అందులో సగానికి పైగా రైలే ఆక్రమిస్తుంది. ఇంజన్ తన గార్డు పెట్టెనే తరుముకుంటూ పోతున్నట్టు ఉంటుంది. బహుశా మీరు ఐదో ఆరో తగిలించి, మిగతావి సైడింగ్‌లో నిలబెట్టి ఉంటారు. మనందరం అదే చేశాం.

వంపుల సంగతీ అంతే. పెట్టె పొడవుకి కనీసం మూడు రెట్లు వ్యాసార్థం ఉంటే గాని పొడవాటి పెట్టెలు వంపులో ఇబ్బంది లేకుండా తిరగవని ఈ హాబీలో ఒక మోటు లెక్క ఉంది. చూడ్డానికి అందంగా కూడా ఉండాలంటే ఇంకా ఎక్కువే కావాలి. మీ పెట్టెలకి మూడు రెట్లంటే 77 సెంటీమీటర్లు. అంటే అర్ధచక్రం తిరగడానికే మీటరున్నర వెడల్పు. నాలుగడుగుల బల్ల వెడల్పు 122 సెంటీమీటర్లే. మీరు వేసింది 18 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపే అయి ఉంటుంది, ఆ బల్ల మీద అంతకు మించి పెద్దగా పట్టదు. ఆ వంపులో ఐసీఎఫ్ పెట్టెలు మూలలు బయటికి పొడుచుకొచ్చి, ఇరుకు సందులో లారీ తిప్పినట్టు ఉంటాయి.

ఎన్‌లో అదే పెట్టె 13.9 సెంటీమీటర్లు. ఇంజన్‌తో కలిపి మీ రైలంతా ఒక మీటరు 66. ఏడడుగుల బల్ల మీద, అంటే 213 సెంటీమీటర్లలో, మొత్తం రైలు ఒక వైపు నిలబడుతుంది, చివరి ఒకటి రెండు పెట్టెలు మాత్రం వంపులోకి తిరుగుతాయి. కేటో కంపెనీ పట్టాల్లో 348 మిల్లీమీటర్ల వంపు దొరుకుతుంది. అది పెట్టె పొడవుకి రెండున్నర రెట్లు. మోటు లెక్కకి కొంచెం తక్కువే, కానీ మీ పాత బల్ల మీద ఉన్నదాని కంటే చాలా నయం. పైగా ఆ వంపు రెండున్నర అడుగుల వెడల్పులో పడుతుంది. గోడకి ఆనించిన బల్ల మీద అవతలి అంచు దాకా మన చెయ్యి అందేది కూడా రెండున్నర అడుగులే.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. గంటకి 60 కిలోమీటర్ల వేగాన్ని కూడా స్కేల్ ప్రకారం తగ్గించాలి కదా. ఏడడుగుల బల్లని ఆ వేగంతో హెచ్‌ఓ రైలు పదకొండు సెకన్లలో దాటేస్తుంది. ఎన్ రైలుకి ఇరవై సెకన్లు పడుతుంది. బల్ల అదే, ప్రయాణం దాదాపు రెట్టింపు. రాత్రి గదిలో లైటు తీసేసి, పెట్టెల్లో దీపాలు వెలిగించి చూసేవాడికి ఆ తొమ్మిది సెకన్లు ఏమిటో చెప్పక్కర్లేదు.

కాబట్టి నా మాట: మారండి. కానీ మీ మిత్రుడు చెప్పిన కారణానికి కాదు. మీకు పదకొండు పెట్టెల రైలు నడవాలని ఉంది, అది హెచ్‌ఓలో మీ ఇంట్లో ఎప్పటికీ నడవదు.

కళ్ల విషయం తేలిగ్గా తీసుకోను. ఎన్‌లో నడపడం వేరు, చేయడం వేరు. నడపడానికి మీ చూపు చాలు. పెట్టెని పట్టాలెక్కించడానికి రీరెయిలర్ అని ప్లాస్టిక్ ర్యాంపు ఒకటి వస్తుంది. పెట్టెని దాని మీద నుంచి జార్చితే చక్రాలు వాటంతటవే కూర్చుంటాయి. చేయడం మాత్రం కష్టమే. హెచ్‌ఓలో మీరు కిటికీ ఊచలు విడివిడిగా అతికించి ఉంటారు. ఎన్‌లో ఆ ఊచ వెంట్రుకంత ఉంటుంది, దాన్ని చేయాలనుకోవడమే పొరపాటు. పక్క గోడ మొత్తం కంప్యూటర్‌లో గీసి, స్టికర్ కాగితం మీద ప్రింట్ తీయించి, ప్లాస్టిక్ షీటు మీద అతికించడమే దారి. మీకు ఇది మోసంలా అనిపించవచ్చు. నాకూ మొదట్లో అనిపించింది. మూడడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, ఎన్ లేఅవుట్‌ని చూడాల్సిందీ ఆ దూరం నుంచే.

డబ్బు పెట్టకముందు ఒక పరీక్ష చేయండి. అట్టముక్క మీద 13.9 సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పుతో ఒక పెట్టె పక్క గోడ గీయండి. కిటికీలు, తలుపులు, నంబరు, అన్నీ. ఇప్పుడున్న కళ్లజోడుతో, టేబుల్ లైటు కింద గీయండి. తర్వాత గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే లాంటి భూతద్దం తలకి పెట్టుకుని ఇంకొకటి గీయండి. రెండోది గీస్తున్నప్పుడు విసుగు రాకపోతే ఎన్‌లో పెట్టెలు కూడా చేయగలరు. అరగంటకే మెడ పట్టేసి, చిరాకేసి పక్కన పడేస్తే, రెడీమేడ్ కొనుక్కుని నడుపుకోండి. ఆపరేషన్ అయిన కంటికీ రెండో కంటికీ చూపులో తేడా ఉంటే, మీరు బల్ల మీద పని చేసే దూరం కొలిచి, దానికి ప్రత్యేకంగా ఒక జోడు రాయమని కంటి డాక్టర్‌ని అడగండి. చదువుకునే అద్దాలతో బల్ల మీద పని చేయడం వల్లే చాలామంది తమ చూపు పోయిందనుకుంటారు.

మన రైళ్లు ఎన్‌లో రెడీమేడ్‌గా దొరకడం గగనం. ఎక్కువగా జపాన్, అమెరికా, యూరప్ రైళ్లే దొరుకుతాయి. పై డబ్బా మీరు చేసుకుని, కింద చక్రాల బోగీలు వాటి నుంచి తీసుకోవాలి. (మన జనం మొత్తం పెట్టెని బోగీ అంటారు గానీ, అసలు బోగీ అంటే కింద చక్రాలుండే బండే.) ఇంకో లోపం కూడా ముందే తెలుసుకోండి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. ఎన్‌లో అది పదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి, పట్టా మాత్రం తొమ్మిదే. ఎన్ అనే పేరు వచ్చిందే ఆ తొమ్మిది నుంచి, ఇంగ్లిష్‌లో నైన్, జర్మన్‌లో నోయిన్. అయితే హెచ్‌ఓలో కూడా 19 ఉండాల్సిన చోట 16.5 పట్టా మీదే కదా పద్నాలుగేళ్లు నడిపారు. తప్పు నిష్పత్తి రెండింటిలోనూ ఒకటే, చిన్నదానిలో కంటికి తక్కువ ఆనుతుంది.

టీటీ అని 120వ వంతు స్కేల్ ఒకటుంది, రెండింటికీ మధ్యలో. 2022లో హార్న్‌బీ అనే బ్రిటిష్ కంపెనీ అందులోకి దిగాక మళ్లీ పేరు వినిపిస్తోంది. మీ పెట్టె అందులో 18.6 సెంటీమీటర్లు, రెండున్నర అడుగుల బల్ల మీద ఇరుకవుతుంది. వదిలేయండి.

ఎన్‌తో వచ్చే అసలు తలనొప్పి చిన్న సైజు కాదు, తేలిక. పొడవు 54 శాతానికి తగ్గితే బరువు ఆరో వంతుకి పడిపోతుంది. బరువు లేని ఇంజన్ చక్రాలు పట్టాని గట్టిగా ఒత్తవు, ఒత్తకపోతే కరెంటు సరిగ్గా అందదు. దుమ్ము మాత్రం స్కేల్ ప్రకారం తగ్గదు. హెచ్‌ఓ ఇంజన్ తొక్కుకుంటూ పోయే నలక దగ్గర ఎన్ ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. నిజాంపేటలో మీ చుట్టూ ఎన్ని అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయో మీకే తెలుసు. ఆ సిమెంటు దుమ్మంతా మీ పట్టాల మీదికే. అందుకని ప్రతి రెండు మూడు అడుగులకి కరెంటు అందించే ఫీడర్ వైర్లు ఒక జత కింది నుంచి పట్టాకి సోల్డర్ చేయండి. కేటో పట్టాలు వేస్తే వాటి ఫీడర్ జాయినర్లు తగిలిస్తే చాలు, సోల్డరింగ్ తప్పుతుంది. పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోట, పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఆ వి ఆకారపు ముక్కకి కరెంటు అందే రకమే కొనండి, అది ప్లాస్టిక్‌ది అయితే చిన్న ఇంజన్లు సరిగ్గా అక్కడే చస్తాయి. పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ. ఇసక కాగితం పెట్టి రుద్దొద్దు, గీతల్లో మురికి ఇంకా తొందరగా పడుతుంది. ఇక లేఅవుట్ మీద పాత చీర కప్పే అలవాటు ఉంటే మానేయండి. నూలుపోగు ఒకటి గేర్లలో చుట్టుకుందంటే దాన్ని పట్టకారుతో లాగడానికి సాయంత్రమంతా పోతుంది. ప్లాస్టిక్ షీటు కప్పండి, దాన్ని కూడా తీసేటప్పుడు మెల్లగా మడవండి, దులపకండి.

మీ పాత కంట్రోలర్ పారేయక్కర్లేదు. కాకపోతే ఎన్ ఇంజన్లు 12 వోల్టులకి మించి తినకూడదు. పాత హెచ్‌ఓ కంట్రోలర్లు కొన్ని నాబ్ చివరికి తిప్పితే 16 దాకా ఇస్తాయి. మల్టీమీటర్ పెట్టి చూసి, 12 దగ్గర నాబ్ పక్కన మార్కర్‌తో గీత గీయండి. మల్టీమీటర్ లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, వైర్లు, ఆల్కహాల్ కూడా అక్కడే చూసుకోండి.

ఎన్ అంటే చౌక అనుకోకండి. సైజు సగం అయినంత మాత్రాన ఇంజన్ ధర సగం కాదు, చాలాసార్లు హెచ్‌ఓతో సమానమే. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం దాని పైన. అందుకే ఈ ఏడాదికి ఒక్క ఇంజన్, ఒక లూపుకి సరిపడా పట్టాలు, రెండు పాయింట్లు. ఏ కంపెనీ పట్టాలు మొదలుపెడితే దానితోనే ఉండండి. కేటో పట్టా టోమిక్స్ పట్టాకి నేరుగా అతకదు, మధ్యలో అడాప్టర్ ముక్క కావాలి, అది సమయానికి దొరకదు.

బల్ల గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. మీరు ఉన్నది అద్దె ఫ్లాటు. బిల్డర్ ఎప్పుడు ఇస్తే అప్పుడు మళ్లీ నల్లకుంట వెళ్తారు. (వాళ్లు చెప్పిన తేదీకి ఏడాది కలుపుకోండి, ఇది రైల్వే సలహా కాదు, అనుభవం.) కాబట్టి ఏడడుగుల బల్ల ఒకటే ముక్కగా కట్టకండి. మూడున్నర అడుగులకి రెండున్నర అడుగుల ముక్కలు రెండు చేసి, బోల్టులతో కలపండి. ఒక్కోటి లిఫ్టులో పడుతుంది. చుట్టాలొచ్చినప్పుడు విప్పి మంచం కిందో బీరువా వెనకో నిలబెట్టుకోవచ్చు. రెండు ముక్కలూ కలిసే చోట పట్టా అడ్డంగా, తిన్నగా దాటాలి. ఆ గీత మీద పాయింటు గానీ వంపు గానీ పెట్టొద్దు. అమెరికా వాళ్లు బోలు తలుపు మీద ఎన్ లేఅవుట్ కడతారు, చాలా పేరున్న పద్ధతి. మన దగ్గర ఫ్లష్ డోర్ లోపల చాలావరకు చెక్కే ఉంటుంది. దాన్ని మోయాలంటే ఇద్దరు కావాలి. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లై, కింద సన్నటి చెక్క ఫ్రేము, పైన అంగుళం మందం ఫోమ్. ఇది చాలు. వానాకాలంలో మామూలు ప్లై వంగితే హెచ్‌ఓ సర్దుకుంటుంది, ఎన్ రైలు పట్టాలు తప్పుతుంది.

జిగురు విషయంలో నా తలకాయ తిన్న సంగతి కూడా చెప్తాను. థర్మోకోల్ కొండకి చెప్పులకి వాడే రబ్బరు జిగురు పూసి, భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కొండలో గుహలు. ఆ జిగురులో ఉండే సాల్వెంట్ థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. తెల్లటి చెక్క జిగురే వాడండి, ఆరడానికి ఒక రోజు పట్టినా సరే.

కాచిగూడ లేనట్టేనా అన్నారు. ఇప్పుడే కుదురుతుంది. 1916 నాటి ఆ భవనం, ఆ గుమ్మటాలు, మినార్లు, హెచ్‌ఓలో చేసి ఉంటే మీ పాత బల్లలో ఒక వైపంతా అదే తినేసేది. ఎన్‌లో ముందు గోడ ఒక్కటే, చాలా తక్కువ లోతుతో చేసి, బల్ల వెనక గోడకి ఆనించి నిలబెట్టండి. వెనక భాగం ఎవరికీ కనిపించదు. ప్లాట్‌ఫాం మాత్రం పూర్తి పొడవు పెట్టాలని చూడకండి. 600 మీటర్ల ప్లాట్‌ఫాం ఎన్‌లో కూడా 3.75 మీటర్లు అవుతుంది. మీ రైలుకి సరిపడా ఒక మీటరు 70 పెట్టి, రెండు చివరలూ ఓవర్‌బ్రిడ్జి కిందకో వేపచెట్ల వెనక్కో పోనివ్వండి, మిగతాది చూసేవాళ్ల కళ్లే పూర్తి చేసుకుంటాయి. జనం ఒక సెంటీమీటరు ఎత్తుంటారు. వాళ్లకి మీసాలు గీయాల్సిన పని లేదు, చొక్కా రంగులు వేస్తే చాలు. ఆదివారం సాయంత్రం కాచిగూడ వెళ్లి ఎదురుగా నిలబడి నాలుగు ఫోటోలు తీసుకోండి. ఫోటోలో ఒక మనిషి కూడా పడేలా చూసుకుంటే, ఆ ఎత్తుతో పోల్చి తలుపులు, కమానుల కొలతలు కట్టుకోవచ్చు.

పురుటి సంగతి. డిసెంబర్‌లో పుట్టే బిడ్డ వేసవి దాటాక పాకుతుంది. ఎన్ స్కేల్‌లో కప్లింగులు, చక్రాలు, స్క్రూలు సరిగ్గా ఆ వయసు పిల్లలు నోట్లో పెట్టుకునే సైజు. అయస్కాంతాలు మింగితే మరీ ప్రమాదం. బల్ల నాలుగడుగుల ఎత్తున పెట్టండి, నిలబడి చూస్తే రైలు కంటికి దగ్గరగా కూడా ఉంటుంది. పని మాత్రం నేల మీద కూర్చుని చేయొద్దు. అంచులున్న స్టీలు ట్రేలో చేయండి, లేచేటప్పుడు ట్రే బీరువాలోకి. అమ్మాయి ఉన్నన్నాళ్లూ సోల్డరింగ్, స్ప్రే పెయింట్ ఆ గదిలో వద్దు. అసలు డిసెంబర్ నుంచి రెండు మూడు నెలలు బల్ల విప్పేసి ఉంచినా మీకు నష్టం లేదు. అట్టముక్క పరీక్ష, కాచిగూడ డ్రాయింగు, ఇవన్నీ డైనింగ్ టేబుల్ మీద జరిగే పనులే.

చివరగా, అమ్మేయాలా? ఇంజన్లు మూడింటిలో రెండు అమ్ముకోండి, ఎన్‌కి పెట్టుబడి వస్తుంది. పట్టాలు, పాయింట్లు కూడా. మీ చేతి పెట్టెలు పదకొండు, ఒక ఇంజన్ మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి. నేను మారిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఒక్క నెలలో అన్నీ తీసేశాను. పాత శుభలేఖల అట్టతో చేసిన ఒక సెకండ్ క్లాస్ పెట్టె కూడా అందులో పోయింది. దాని పైకప్పు లోపలి వైపు మా చెల్లెలి పెళ్లి ముహూర్తం అచ్చయి ఉండేది. అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు.

మీ గది ఒక గోడ పదకొండు అడుగులు అన్నారు. అంటే 335 సెంటీమీటర్లు. మీ హెచ్‌ఓ రైలు ఇంజన్‌తో కలిపి 305. పద్నాలుగేళ్లలో బల్ల మీద ఒక్కసారి కూడా తిన్నగా నిలబడని రైలు ఆ గోడ మీద మొత్తం నిలబడుతుంది. తలుపు పై అంచు ఎత్తులో నాలుగంగుళాల వెడల్పు చెక్క, ముందు చిన్న అంచు, పైన ఒక వరస పట్టా. ఫ్యాన్ గాలి తగలకుండా ముందు సన్నటి యాక్రిలిక్ షీటు పెడితే దుమ్ము బాధ కూడా తగ్గుతుంది. అద్దె ఇల్లు కాబట్టి గోడకి రంధ్రాలు వేసేముందు ఓనర్‌ని ఒక మాట అడగండి. ఆ డ్రిల్లింగ్ పనేదో అమ్మాయి రాకముందే, నవంబర్‌లోనే కానివ్వండి.